టార్క్ రెంచ్‌కు అడాప్టర్ తగిలిస్తే అసలు బిగింపు ఎంత?

క్లుప్తంగా: టార్క్ రెంచ్ (పెట్టిన బిగింపు చేరగానే తెలియజేసే పానా) తలకు, నట్టును పక్కనుంచి పట్టే క్రోఫుట్ వంటి అడాప్టర్ తగిలించినప్పుడు రెంచ్ మీద పెట్టిన అంకె, నట్టుకు చేరే బిగింపు ఒకటే కావాలని లేదు. అడాప్టర్ రెంచ్ వరుసలోనే ముందుకు సాగితే నట్టుకు ఎక్కువ చేరుతుంది, పిడి వైపు తిరిగితే తక్కువ చేరుతుంది, లంబకోణంలో ఉంటే పెట్టినంతే చేరుతుంది. సాకెట్‌కూ రెంచ్‌కూ మధ్య నిలువుగా నిలిచే ఎక్స్‌టెన్షన్ రాడ్‌తో అంకె మారదు. ఈ లెక్క చిన్నదే. దాన్ని చెడగొట్టేవి చెయ్యి పట్టే చోటు, మరలకు అంటిన నూనె, యూనిట్ల తికమక.

బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డు పనిముట్ల దుకాణాల్లో గానీ, జె.సి. రోడ్డు స్పేర్ పార్టుల వరుసల్లో గానీ టార్క్ రెంచ్ ఇప్పుడు అడిగితే దొరికే వస్తువే. కంపెనీ సర్వీస్ సెంటర్ల మెకానిక్కులతో పాటు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఆదివారం పూట తమ బండిని తామే విప్పుకునే తెలుగు ఉద్యోగులు కూడా దీన్ని కొంటున్నారు. కొన్న కొద్ది రోజులకే ఒక చిక్కు ఎదురవుతుంది: సాకెట్ ఎక్కని నట్టు. బ్రేక్ గొట్టం చివరి నట్టు మధ్యలోంచి గొట్టమే వెళ్తుంది కనుక పైనుంచి సాకెట్ దిగే దారి ఉండదు. డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్ గొట్టాల నట్లదీ ఇదే పరిస్థితి. వెనక చక్రంలోనే హబ్ మోటార్ ఉన్న విద్యుత్ స్కూటర్లలో వైరు ఇరుసు చివరినుంచి బయటికి వస్తుంది కాబట్టి ఇరుసు నట్టును కూడా పక్కనుంచే పట్టుకోవాలి.

ఇటువంటి చోట్ల వాడేదే అడాప్టర్. దాన్ని వాడేవారికి దొరికే సలహాలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. లంబకోణంలో పెడితే ఏ లెక్కా అక్కర్లేదని ఒకరు, పది శాతం తగ్గించి పెడితే సరిపోతుందని మరొకరు, అడాప్టర్ తగిలిస్తే టార్క్ రెంచ్ రెంచే కాదని, చేతి అంచనాయే మేలని ఇంకొకరు చెబుతారు. మొదటి సలహా ఒక షరతుతో నిజం. రెండోది కొన్ని కొలతల దగ్గర కాకతాళీయంగా నిజమవుతుంది. మూడోది తప్పు. ఎందుకో తెలియాలంటే రెంచ్ లోపల జరిగేదాని నుంచి మొదలుపెట్టాలి.

రెంచ్ కొలిచేది ఏది?

టార్క్ అంటే తిప్పే బలం. చెయ్యి వేసే బలాన్ని, తిరిగే కేంద్రం నుంచి ఆ చెయ్యి ఉన్న దూరంతో గుణిస్తే వచ్చే విలువ. మీటరు దూరంలో ఒక న్యూటన్ బలం వేస్తే ఒక న్యూటన్ మీటర్. ఎక్కువమంది కొనే క్లిక్ రకం రెంచ్‌లో పిడి తిప్పి లోపలి స్ప్రింగును ఒక అంకెకు బిగిస్తారు. రెంచ్ తల వద్ద పుట్టే వంపు బలం ఆ స్ప్రింగు నిరోధాన్ని దాటగానే లోపలి కీలు జారి టక్కుమంటుంది. అంటే రెంచ్‌కు తన తల వద్ద ఏం జరుగుతోందో మాత్రమే తెలుసు. తలకు అవతల ఏముందో, నట్టు ఎంత దూరంలో ఉందో దానికి తెలిసే అవకాశమే లేదు.

సాకెట్ నేరుగా తల కిందే ఉన్నప్పుడు ఈ అజ్ఞానంతో చిక్కేమీ లేదు, ఎందుకంటే తల కేంద్రం, నట్టు కేంద్రం ఒకే గీత మీద ఉంటాయి. అడాప్టర్ తగిలించిన క్షణంలో ఆ రెండూ విడిపోతాయి. చెయ్యి వేసే బలం అదే అయినా తల నుంచి చూస్తే ఒక దూరం, నట్టు నుంచి చూస్తే మరో దూరం. రెంచ్ మొదటి దూరాన్ని బట్టి టక్కుమంటుంది, నట్టు రెండో దూరాన్ని బట్టి బిగుస్తుంది. అడాప్టర్ లెక్క అంతా ఈ రెండు దూరాల నిష్పత్తి తప్ప మరేమీ కాదు.

నిష్పత్తి, ఒక ఉదాహరణ

రెంచ్ తల మీది చదరపు కొన మధ్య నుంచి పిడి మీద చెయ్యి మధ్యభాగం వరకు ఉన్న దూరాన్ని చేతి దూరం అనుకుందాం. అదే చదరపు కొన మధ్య నుంచి నట్టు మధ్య వరకు ఉన్నది అడాప్టర్ దూరం. అడాప్టర్ రెంచ్ వరుసలోనే ముందుకు సాగి ఉన్నప్పుడు:

పెట్టవలసిన అంకె = నట్టుకు కావలసిన టార్క్ × చేతి దూరం ÷ (చేతి దూరం + అడాప్టర్ దూరం)

చేతి దూరం 350 మిల్లీమీటర్లు, అడాప్టర్ దూరం 50 మిల్లీమీటర్లు, నట్టుకు కావలసింది 48 న్యూటన్ మీటర్లు అయితే రెంచ్ మీద 42 పెట్టాలి. ఈ సవరణ మరచి 48 దగ్గరే టక్కుమనిపిస్తే నట్టుకు దాదాపు 54.9 చేరుతుంది, అంటే 14 శాతం ఎక్కువ. అడాప్టర్‌ను వెనక్కి, పిడి వైపు తిప్పి వాడవలసి వస్తే కూడిక స్థానంలో తీసివేత వస్తుంది. అప్పుడు పెట్టవలసింది 56. మరచిపోతే నట్టుకు చేరేది 41 మాత్రమే. ఒకే రెంచ్, ఒకే అడాప్టర్, ఒకే అంకె. అడాప్టర్ ఏ వైపు చూస్తోందన్నదాన్ని బట్టి బిగింపు 41 నుంచి 55 దాకా మారుతోంది.

పది శాతం తగ్గించాలనే సలహా ఎక్కడ పుట్టిందో కూడా ఈ నిష్పత్తిలోనే కనిపిస్తుంది. 450 మిల్లీమీటర్ల చేతి దూరానికి 50 మిల్లీమీటర్ల అడాప్టర్ తగిలిస్తే సరిగ్గా పది శాతమే తగ్గించాలి. కానీ అదే అడాప్టర్‌ను 200 మిల్లీమీటర్ల చిన్న రెంచ్‌కు తగిలిస్తే తగ్గించవలసింది 20 శాతం. రెంచ్ పొట్టిదైన కొద్దీ అడాప్టర్ ప్రభావం పెరుగుతుంది. తక్కువ టార్క్ కావలసిన సున్నితమైన నట్లకు వాడేది పొట్టి రెంచ్‌లే కనుక, గుడ్డి లెక్క ఎక్కువ నష్టం చేసేది కూడా సరిగ్గా ఆ నట్ల దగ్గరే.

దూరాలను ఎంత కచ్చితంగా కొలవాలన్న బెంగ మాత్రం అనవసరం. పై ఉదాహరణలో చేతి దూరాన్ని 350కి బదులు పొరపాటున 400గా కొలిచినా, పెట్టే అంకె 42 నుంచి 42.7కు మారుతుంది, తేడా రెండు శాతంలోపే. అడాప్టర్ దూరంలో పొరపాటు ఇంకాస్త ఖరీదైనది. 50ని 40గా కొలిస్తే అంకె 43.1 అవుతుంది, తేడా సుమారు రెండున్నర శాతం. పది మిల్లీమీటర్ల తప్పుకే ఇది, యాభై మిల్లీమీటర్ల తప్పుకు అది. అందుకే కొలిచే శ్రద్ధ ఏదైనా ఉంటే దాన్ని అడాప్టర్ మీద పెట్టడం మేలు. మామూలు స్కేలుతో కొలిచినా పని జరుగుతుంది.

లంబకోణం కథ

అడాప్టర్‌ను రెంచ్‌కు అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో అమర్చితే సవరణ ఎందుకు అక్కర్లేదో బొమ్మ గీసుకుంటే వెంటనే తెలుస్తుంది. చెయ్యి పిడికి అడ్డంగా లాగుతుంది. ఆ లాగుడు విషయంలో లెక్కకు వచ్చేది రెంచ్ పొడవు వెంబడి ఉన్న దూరమే. అడాప్టర్ పక్కకు తిరిగినప్పుడు నట్టు పక్కకు జరిగిందే గానీ రెంచ్ పొడవు వెంబడి ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. కాబట్టి రెండు దూరాలూ సమానం. మధ్యస్థ కోణాల్లో అడాప్టర్ దూరాన్ని ఆ కోణపు కొసైన్‌తో గుణించి వాడాలి. 45 డిగ్రీల వద్ద 50 మిల్లీమీటర్ల అడాప్టర్ 35 మిల్లీమీటర్లుగా లెక్కకు వస్తుంది, పై ఉదాహరణలో పెట్టవలసిన అంకె 43.6 అవుతుంది.

లంబకోణం కొద్దిగా తప్పినా పెద్ద ప్రమాదం లేదు. 90కి బదులు 80 డిగ్రీలు అయిందనుకుంటే 50 మిల్లీమీటర్ల అడాప్టర్ 9 మిల్లీమీటర్లుగా మాత్రమే లెక్కకు వస్తుంది, తేడా రెండున్నర శాతం. కంటి అంచనాతో పెట్టిన లంబకోణం చాలావరకు పనికొస్తుందనడానికి ఇదే ఆధారం. షరతు ఏమిటంటే, బిగించడం పూర్తయ్యే క్షణంలో కూడా ఆ కోణం నిలవాలి. ఇరుకైన చోట రెంచ్ తిరగడానికి చాలినంత జాగా లేక అడాప్టర్‌ను నట్టు ముఖాలు మార్చి మార్చి పెడుతూ పోతే, చివరి టక్కు ఏ కోణంలో వచ్చిందో గమనించక 120 డిగ్రీల దగ్గరే పని ముగించేవారు ఉన్నారు. లెక్క చూసుకోవలసింది మొదలుపెట్టిన కోణానికి కాదు, ముగిసిన కోణానికి.

ఈ రెండు పద్ధతులనూ బండ్ల తయారీదారులే తమ సర్వీస్ మాన్యువళ్లలో పాటించారు. మోటార్‌సైకిల్ స్టీరింగ్ కాండం మీది గాడి నట్టును రింగ్ నట్ రెంచ్ అనే ప్రత్యేక పానాతో బిగించేటప్పుడు, టార్క్ రెంచ్ దానికి లంబకోణంలో ఉండాలని యమహా మాన్యువళ్లు చెబుతాయి. హోండా మాన్యువళ్లు మరో దారి పట్టాయి. వెనక చక్రాన్ని పట్టే స్వింగ్‌ఆర్మ్ ఇరుసు లాక్‌నట్ వంటి చోట్ల అవి రెండు విలువలు ఇస్తాయి, ఒకటి నట్టుకు నిజంగా చేరవలసినది, రెండోది రెంచ్ మీద కనిపించవలసినది. ఆ రెండో అంకె హోండా చెప్పిన ప్రత్యేక పానాకు, చెప్పిన పొడవు ఉన్న కడ్డీ రకం రెంచ్‌కు (బలానికి కడ్డీ వంగి పలక మీద అంకె చూపే రకం) మాత్రమే వర్తిస్తుంది. వేరే పొడవు రెంచ్‌తో ఆ అంకెను యథాతథంగా వాడితే, తయారీదారు చేసి పెట్టిన సవరణే తప్పుడు సవరణ అవుతుంది. అటువంటప్పుడు మొదటి విలువ తీసుకుని సొంతంగా లెక్క వేసుకోవాలి.

చెయ్యి ఎక్కడ పట్టాలి?

అడాప్టర్ గురించిన చర్చల్లో అందరూ అడాప్టర్ పొడవు చుట్టూనే తిరుగుతారు గానీ, ఎక్కువ పొరపాట్లకు తావిచ్చేది పిడి వైపున్న చెయ్యి. అడాప్టర్ లేనప్పుడు క్లిక్ రెంచ్‌ను పిడి చివర పట్టినా కాస్త మధ్యలో పట్టినా ఫలితం పెద్దగా మారదు. దగ్గర పడితే ఎక్కువ బలం వేయాలి, దూరం పడితే తక్కువ చాలు, తల వద్ద మాత్రం అదే విలువకు టక్కుమంటుంది. లోపలి కీలు చదరపు కొనకు కొద్దిగా ఎడంగా ఉంటుంది కనుక స్వల్పమైన తేడా వస్తుంది. అందుకే తయారీదారులు పిడి మధ్యలో పట్టమంటారు, కొందరు అక్కడ గీత కూడా పెడతారు.

అడాప్టర్ ముందుకు సాగి ఉన్నప్పుడు ఈ సౌలభ్యం పోతుంది. రెంచ్‌ను 42కు పెట్టి, అనుకున్నట్టు 350 మిల్లీమీటర్ల దగ్గరే పట్టి లాగితే నట్టుకు 48 చేరుతుంది. చోటు చాలక చెయ్యి 250 దగ్గరికి జరిగితే అదే 42 దగ్గర టక్కుమన్నా నట్టుకు 50.4 చేరుతుంది. బలం చాలక పిడికి పైపు తొడిగి 700 మిల్లీమీటర్ల దగ్గర లాగితే నట్టుకు చేరేది 45 మాత్రమే. పైపు తొడిగితే బిగింపు పెరుగుతుందని నమ్మే గ్యారేజీలో ఈ మాట వింతగా వినిపించవచ్చు. చేతి దూరం పెరిగిన కొద్దీ అడాప్టర్ దూరం దాని ముందు చిన్నదైపోతుంది, నిష్పత్తి ఒకటికి దగ్గరవుతుంది. పైపు తొడగడం రెంచ్ ఆరోగ్యానికి మంచిది కాదన్నది వేరే సంగతి.

రెండో చెయ్యి సంగతి ఇంకా సూక్ష్మమైనది. క్రోఫుట్ నట్టు మీద నుంచి జారకుండా రెంచ్ తలను ఎడమ చేత్తో అదిమి పట్టడం మామూలే. ఆ చెయ్యి తలను నట్టు ఇరుసు దిశలో మాత్రమే ఆనించి ఉంచితే నష్టం లేదు. తిరిగే దిశలో అది కూడా నెట్టితే, అడాప్టర్ దూరం అంత మీట మీద అదనపు బలం నట్టుకు చేరుతుంది, రెంచ్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు. ఎదురు దిశలో ఆపి పట్టినా అంతే, ఈసారి తగ్గుతుంది. లంబకోణంలో పెట్టినా ఈ తప్పు నుంచి పూర్తి రక్షణ లేదు, ఎందుకంటే అప్పుడు తలను పిడి వరుసలో నెట్టే బలం నట్టు మీద పనిచేస్తుంది.

పాతకాలపు కడ్డీ రకం రెంచ్‌కు ఇక్కడ ఒక మేలు ఉంది. వంగే కడ్డీ, కదలని ముల్లు, పలక ఉండే ఈ రకంలో చాలావాటికి పిడి ఒక కీలు మీద ఆడుతూ ఉంటుంది. పిడి రెండు చివరలా కడ్డీకి తగలకుండా మధ్యలో తేలుతున్నంతసేపు బలం కచ్చితంగా ఆ కీలు దగ్గరే పడుతున్నట్టు లెక్క. అడాప్టర్ సవరణకు కావలసిన చేతి దూరం అప్పుడు ఊహ కాదు, స్థిరమైన కొలత. తయారీదారులు రెండు విలువలు అచ్చువేసిన చోట కడ్డీ రెంచ్‌నే వాడమనడానికి కారణం ఇదే. ఎలక్ట్రానిక్ రెంచ్‌లలో కొన్నింటిలో అడాప్టర్ పొడవును నమోదు చేస్తే తెర మీద సవరించిన విలువ చూపుతాయి, కానీ అవి కూడా చెయ్యి పిడి మధ్యలోనే ఉందని నమ్మి చేసే లెక్క అది. ఇక తల తీసి మార్చగలిగే రెంచ్‌లు ఉంటాయి. 9×12, 14×18 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్ర గూడులో క్రోఫుట్ లాంటి తలలు నేరుగా దిగుతాయి. మామూలు తలల లోతు మొదటి కొలతకు 17.5, రెండోదానికి 25 మిల్లీమీటర్లు. రెంచ్ మీది గీతలు ఆ లోతును కలుపుకునే గుర్తించినవి కాబట్టి, అంతకన్నా పొడవైన తల వాడినప్పుడే సవరణ అవసరం.

ఈ లెక్కను నమ్మనివారు సెల్లార్‌లోనే పరీక్షించుకోవచ్చు. క్రోఫుట్ పట్టిన బోల్టును వైస్‌లో బిగించి, రెంచ్‌ను నేలకు సమాంతరంగా ఉంచి, తల కేంద్రం నుంచి 350 మిల్లీమీటర్ల దగ్గర బకెట్ వేలాడదీసి నీళ్లు పోస్తూ పోతే, రెంచ్ 42కు పెట్టి ఉన్నప్పుడు బకెట్‌తో కలిపి 12.2 కిలోల ప్రాంతంలో టక్కుమనాలి. ఆ బరువునే వైస్‌లోని బోల్టు కేంద్రం నుంచి 400 మిల్లీమీటర్లతో లెక్కిస్తే 48 న్యూటన్ మీటర్లు వస్తుంది. రెంచ్ సొంత బరువు కూడా కిందికి లాగుతుంది కనుక బకెట్ కొద్దిగా ముందే గెలుస్తుంది.

నిలువు రాడ్, వంగే జాయింట్

సాకెట్‌కూ రెంచ్‌కూ మధ్య పెట్టే నిలువు ఎక్స్‌టెన్షన్ రాడ్ ఎంత పొడవైనా రెంచ్ అంకె మార్చనక్కర్లేదు. అది తిరిగే ఇరుసు దిశలోనే ఉంటుంది, మీటను పొడిగించదు. పొడవైన సన్నని రాడ్ మెలికపడి స్ప్రింగులా కొద్దిగా తిరగడం నిజమే గానీ, నెమ్మదిగా లాగినప్పుడు పై చివర ఎంత టార్క్ ఉంటే కింది చివర అంతే ఉంటుంది. రాడ్ వల్ల బిగింపు తగ్గుతుందన్న నమ్మకం గాలితో నడిచే ఇంపాక్ట్ గన్ నుంచి వచ్చింది. అక్కడ దెబ్బల శక్తిని మెలిక మింగేస్తుంది. ఇంజిన్ హెడ్ బోల్టులకు ఇచ్చే డిగ్రీల లెక్కలో మాత్రం మెలికకు లెక్క ఉంది. ముందు ఒక టార్క్ దాకా బిగించి, ఆపై ఇన్ని డిగ్రీలు తిప్పమన్నప్పుడు రాడ్ మెలిక తిన్న డిగ్రీలు బోల్టుకు చేరవు. కోణం చూపే పరికరాన్ని బోల్టుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. అడాప్టర్ పొడవు మాత్రం ఆ డిగ్రీలను మార్చదు, ఎందుకంటే పానా ఎంత పొడవున్నా 90 డిగ్రీలంటే 90 డిగ్రీలే.

వంగే యూనివర్సల్ జాయింట్‌ది వేరే దారి. అది వంగి ఉన్నప్పుడు తిరిగే స్థానాన్ని బట్టి బయటికి చేరే టార్క్ హెచ్చుతగ్గులవుతుంది. వంపు 15 డిగ్రీలైతే 97 నుంచి 104 శాతం మధ్య ఊగుతుంది, దాన్ని భరించవచ్చు. 30 డిగ్రీలకు చేరితే 87 నుంచి 115 శాతం దాకా పోతుంది. చివరి టక్కు ఆ ఊపులో ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేం కాబట్టి దీనికి సవరణ సూత్రమంటూ వాడుకలో ఉపయోగపడేది లేదు. వంపు తగ్గించడమే మార్గం.

నోటి ఆకారం

క్రోఫుట్ రెండు రకాలు. తెరిచిన నోటిది మామూలు ఎండ్ స్పానర్‌లా రెండు ముఖాలనే పట్టుకుంటుంది, ఎక్కువ బలం పడితే దాని నోరు విచ్చుకుని నట్టు అంచులు అరుగుతాయి. గొట్టాల నట్లకు వాడే రకం రింగ్ స్పానర్‌కు గొట్టం దూరేంత సందు చేసినట్టు ఉండి ఐదు ముఖాలను పడుతుంది. బ్రేక్ గొట్టాల దగ్గర రెండోదే వాడాలి. గట్టి బిగింపు కావలసిన చోట, వీలైతే, ఒక చివర రింగు, మరో చివర చదరపు గూడు ఉన్న కడ్డీ అడాప్టర్ మరింత నమ్మదగినది.

బ్రేక్ గొట్టపు నట్లకు చాలా బండ్లలో అడిగేది 12 నుంచి 18 న్యూటన్ మీటర్ల మధ్య. ఇంత తక్కువ విలువకు 200 దాకా గీతలున్న అర అంగుళం (చదరపు కొన కొలత) రెంచ్ తీసుకోవడం మరో సాధారణ పొరపాటు. క్లిక్ రెంచ్‌లను వాటి గరిష్ఠ విలువలో 20, 60, 100 శాతం దగ్గర పరీక్షిస్తారు. 20 శాతానికి దిగువన ఆ రెంచ్ ఎలా ప్రవర్తిస్తుందన్నదానికి హామీ లేదు. పావు అంగుళం రెంచ్ తీసుకోవాలి, అప్పుడు చేతి దూరం సుమారు 200, క్రోఫుట్ దూరం 25 అయితే 16 న్యూటన్ మీటర్లకు రెంచ్ మీద 14.2 పెట్టాలి.

లెక్క కుదిరినా బిగింపు తప్పే చోటు

నట్టును బిగించడంలో అసలు ఉద్దేశం టార్క్ కాదు, బోల్టును సాగదీసి ఆ లాగుడుతో రెండు భాగాలను అదిమి పట్టడం. వేసిన టార్క్‌లో సుమారు సగం నట్టు అడుగు రాపిడికి, మరో 40 శాతం మరల రాపిడికి పోతుంది. బోల్టును సాగదీసేది దాదాపు పదోవంతే. కాబట్టి రాపిడిలో చిన్న మార్పు లాగుడులో పెద్ద మార్పు అవుతుంది. ఎంత జాగ్రత్తగా టార్క్ రెంచ్ వాడినా లాగుడులో 25 నుంచి 35 శాతం అటూ ఇటూ తేడా రావడం సహజమని ఇంజినీరింగ్ లెక్కలు చెప్పడానికి కారణం ఇదే.

8.8 బలం తరగతికి చెందిన ఎం10 (10 మిల్లీమీటర్ల వ్యాసం) బోల్టును తీసుకుందాం. పొడి మరలతో 48 న్యూటన్ మీటర్లకు బిగిస్తే లాగుడు సుమారు 24 కిలోన్యూటన్లు. మరలకు నూనె అంటి ఉంటే అదే 48కి సుమారు 32. ఈ బోల్టు శాశ్వతంగా సాగకుండా భరించగల హామీ బరువు 33.6 కిలోన్యూటన్లు, అంటే నూనె ఒక్కటే దాన్ని అంచుకు తెచ్చింది. దానికి తోడు అడాప్టర్ సవరణ మరచి 54.9 వేస్తే లాగుడు 36.6కు చేరి హామీ గీత దాటుతుంది. రెండు తప్పుల్లో ఏ ఒక్కటీ విడిగా బోల్టును చెడగొట్టలేదన్నది గమనించాలి. మాన్యువల్ పొడి మరలకు ఇచ్చిన విలువను తుప్పు వదలడానికి నూనె కొట్టిన మరలకు వాడటం, వానల్లో తడిసిన బండ్ల అడుగుభాగాల దగ్గర, రోజూ జరిగేదే. సవరణను దశాంశాల దాకా వేసి, మరలను గుడ్డతో తుడవకుండా బిగించడం ఏ విధంగా చూసినా తప్పు చోట చూపిన శ్రద్ధ.

యూనిట్ల తికమక ఇంతకన్నా మొరటుది. 48 న్యూటన్ మీటర్లంటే 4.9 కిలోగ్రామ్ మీటర్లు, 35.4 పౌండ్ అడుగులు. రెంచ్‌కు రెండు వైపులా రెండు స్కేళ్లు ఉన్నప్పుడు పౌండ్ అడుగుల వైపు 48 పెట్టేస్తే నట్టుకు 65 న్యూటన్ మీటర్లు పడుతుంది. పై ఉదాహరణల్లోని ఏ అడాప్టర్ పొరపాటూ ఇంత తేడా తేదు. అడాప్టర్ నిష్పత్తికి యూనిట్లతో సంబంధం లేదు కనుక ముందు యూనిట్ మార్చి, ఆ తరువాత నిష్పత్తితో గుణించడం సురక్షితమైన క్రమం.

ఇక రెంచ్ సంగతి. చేతి టార్క్ పనిముట్లకు సంబంధించి 2017లో రెండు భాగాలుగా సవరించిన ఐఎస్ఓ 6789 అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం గీతలున్న క్లిక్ రెంచ్ గరిష్ఠ విలువ 10 న్యూటన్ మీటర్లు దాటితే 4 శాతం, అంతకు లోపైతే 6 శాతం అటూ ఇటూ తేడాను అనుమతిస్తారు. తయారీదారు మరేమీ చెప్పకపోతే 12 నెలలకు లేదా 5000 సార్లు వాడాక, ఏది ముందైతే అప్పుడు, మళ్లీ సరిచూడాలి. పీన్యా పారిశ్రామిక ప్రాంతంలో ఎన్.ఎ.బి.ఎల్. (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ ల్యాబులు ఈ పని చేస్తాయి. అవి సరిచూసేది రెంచ్ చదరపు కొన దగ్గరి విలువనే, అడాప్టర్‌తో కలిపి కాదు. పత్రం చేతిలో ఉన్నా అడాప్టర్ లెక్క వేసుకోక తప్పదు.

ఇప్పటికే బిగించిన నట్ల మాట

సవరణ లేకుండా గతంలో బిగించినవన్నీ విప్పాలా అన్నది తరువాత వచ్చే ప్రశ్న. జవాబు అడాప్టర్ దిశను బట్టి, నట్టు రకాన్ని బట్టి ఉంటుంది. లంబకోణంలో బిగించి ఉంటే ఏమీ చేయనక్కర్లేదు. ముందుకు సాగదీసి బిగించిన ఉక్కు బోల్టు, ఉక్కు నట్టు జంటలో పది శాతం ఎక్కువ పడటం చాలావరకు భరించదగినది. అల్యూమినియం ఇంజిన్ కేసులోకి దిగే బోల్టులు, రాగి వాషర్ మీద కూర్చునే బోల్టులు, బ్రేక్ గొట్టాల చివరి నట్లు అలా కాదు. మొదటి వాటిలో కేసు మరలు లాగుడుకు ఊడివస్తాయి. చివరి వాటిలో గొట్టం విప్పారిన అంచు నలిగి చీలుతుంది. వెనక్కి తిప్పి బిగించినవి తక్కువ బిగింపుతో ఉంటాయి కాబట్టి, గుంతల రోడ్ల కుదుపుకు వదులయ్యేవి అవే. సస్పెన్షన్, బ్రేక్ భాగాల్లో వాటిని ముందుగా చూసుకోవాలి.

సరిచూడాలనుకున్నప్పుడు బిగించి ఉన్న నట్టు మీద రెంచ్ పెట్టి టక్కుమందని తృప్తిపడితే పని జరగదు. ఆగి ఉన్న నట్టును కదిలించడానికి కావలసిన బలం కదులుతున్న నట్టుకు కావలసినదానికంటే ఎక్కువ కనుక, తక్కువ బిగింపుతో ఉన్న నట్టు దగ్గర కూడా రెంచ్ టక్కుమనవచ్చు. పావు చుట్టు వదులు చేసి, మరలను తుడిచి, అడాప్టర్ దిశకు తగిన అంకె పెట్టి, ఒకే లాగుడులో టక్కుమనేదాకా తెచ్చి ఆపాలి. ఒకసారి సాగాక మళ్లీ వాడకూడదని మాన్యువల్ చెప్పిన హెడ్ బోల్టులను ఇలా విప్పి బిగించకూడదు, కొత్తవి వేయాలి. బ్రేక్ గొట్టం నట్టును విప్పితే గాలి చేరుతుంది కాబట్టి, తడి, కారడం వంటి ఆనవాలు ఏదీ లేనప్పుడు దాన్ని కదపకుండా వదిలేసి, తరువాతి సర్వీసులో బ్రేక్ ఆయిల్ మార్చే రోజున సరిచేయడం తక్కువ శ్రమతో అయ్యే పని.